నార పోగులతో త్రీడీ ప్రింటింగ్: ఈ పరిశోధనకు ఉద్యోగాలు ఉంటాయా?

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. జనపనార, అవిసె నార కలిపిన ప్లాస్టిక్‌లతో త్రీడీ ప్రింటింగ్‌పై పీజీలో పరిశోధన చేస్తానంటోంది. ఇంత ఇరుకైన అంశం పట్టుకుంటే ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: అంశం ఇరుకైనదే కానీ, దాని కోసం నేర్చుకోవలసిన శాస్త్రం విశాలమైనది. నార నిపుణులు కావాలన్న ప్రకటనలు అరుదు కనుక, మీ అమ్మాయి పాలిమర్ (ప్లాస్టిక్ వంటివి), కాంపోజిట్ (రెండు మూడు పదార్థాలు కలిపి చేసేవి) పదార్థాల ఇంజినీరుగా తయారై, సహజ నారలను తన ప్రత్యేకతగా చూపుకోవడం మంచిది. అప్పుడు వాహన భాగాలు, ప్యాకేజింగ్, ఫిలమెంట్ (త్రీడీ ప్రింటర్‌లో వాడే ప్లాస్టిక్ తీగ) తయారీ వంటి రంగాలన్నిటిలోనూ ప్రయత్నించవచ్చు.

ప్లాస్టిక్‌ను బలపరచడానికి వాడే గాజు నార సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.5 గ్రాములుంటే, అవిసె నారది 1.5 గ్రాముల దగ్గరే ఉంటుంది. ఆ తేలికదనమే దీనికి పెద్ద ఆకర్షణ. చిక్కంతా తేమతోనూ వేడితోనూ వస్తుంది. నారలోని సెల్యులోజ్ నీటిని పీల్చుకుంటుంది, ప్లాస్టిక్ నీటిని దూరంగా ఉంచుతుంది. అందువల్ల రెండింటి మధ్య పట్టు కుదరక, బరువు పడినప్పుడు పగుళ్లు అక్కడే మొదలవుతాయి. దీనికి విరుగుడుగా నారను క్షారంతోనో, సిలేన్ అనే రసాయనంతోనో శుద్ధి చేస్తారు. సరిగా ఆరబెట్టని నారలోని తేమ నాజిల్‌లో (కరిగిన ప్లాస్టిక్ బయటికి వచ్చే ప్రింటర్ మూతిలో) ఆవిరై, ముద్రించిన భాగంలో బుడగల్లాంటి ఖాళీలు మిగులుస్తుంది. త్రీడీ ప్రింటింగ్‌లో వాడే పీఎల్ఏ (పాలీలాక్టిక్ యాసిడ్) అనే ప్లాస్టిక్‌ను సాధారణంగా 190 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ మధ్య ముద్రిస్తారు, నార చెడిపోవడం కూడా దాదాపు 200 దగ్గరే మొదలవుతుంది. పొట్టి నారలతో బిగువు (సులభంగా వంగని, సాగని గుణం) పెరిగినా బలం చాలాసార్లు పెరగదు, కొన్నిసార్లు తగ్గుతుంది కూడా. 2016లో జపాన్ పరిశోధకులు ముక్కలు చేయని పొడవైన జనపనార పోగునే పీఎల్ఏతో కలిపి ముద్రించి చూపారు. కార్బన్ పోగుతో వచ్చినంత బలం మాత్రం దానితో రాలేదు.

నార శాతం మార్చి, లాగి చూసి, పట్టిక వేయడంతో ముగిసే పరిశోధనలు ఇప్పటికే విస్తారంగా ఉన్నాయి (నిజం చెప్పాలంటే, అవసరానికి మించే ఉన్నాయి). పగులు ఎక్కడ, ఎందుకు మొదలైందో వివరించగలిగిన విద్యార్థికే ఇంటర్వ్యూలో విలువ ఉంటుంది. కాబట్టి చేరబోయే ల్యాబులో నారను, ప్లాస్టిక్‌ను కలిపి ఫిలమెంట్ తీసే ఎక్స్‌ట్రూడర్, ఆరబెట్టే ఓవెన్, లాగి బలం కొలిచే తన్యత పరీక్ష యంత్రం, విరిగిన తలాన్ని పరిశీలించే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అందుబాటులో ఉన్నాయా అని మీ అమ్మాయిని ముందే అడగమనండి. ప్రింటర్ ఒక్కటే ఉన్న చోట చేరవద్దనే నా సలహా. పాలిమర్ రియాలజీని (కరిగిన ప్లాస్టిక్ ఎలా ప్రవహిస్తుందో చెప్పే శాస్త్రాన్ని) ఐచ్ఛికాంశంగా తప్పక తీసుకోవాలి. పీజీతో మొదట దొరికేవి ఎక్కువగా పరీక్షలు, ఉత్పత్తి ప్రక్రియలకు చెందిన ఉద్యోగాలే. కొత్త పదార్థాలను రూపొందించే పరిశోధన పదవులకు చాలా చోట్ల పీహెచ్‌డీ అడుగుతారు కనుక, ఆ దారి పట్టే ఉద్దేశం ఆమెకు ఉందో లేదో చేరకముందే మీరిద్దరూ మాట్లాడుకోండి.