ఓడ ఎక్కిందెవరో చూడండి

"అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్... అన్నిచోట్లా స్థిరపడింది బ్రిటన్ వాళ్లే కదా, మరి ఇంగ్లీషు ఒక్కోచోట ఒక్కోలా ఎందుకుంది?" అని అడిగారు. ఓడ ఎక్కింది ఏ ప్రాంతం వాళ్లో, ఎప్పుడు ఎక్కారో చూడండి. జవాబు అక్కడే ఉంది.

నేను న్యూజిలాండ్ దక్షిణపు కొసన, ఇన్వర్‌కార్గిల్‌లో ఒక వృద్ధాశ్రమంలో నర్సుని. ఇక్కడికి రాకముందు హైదరాబాద్‌లో ఫీజు కట్టి మరీ ఉచ్చారణ నేర్చుకున్నాను. "ర పలికితే పల్లెటూరి ఇంగ్లీషు అంటారు" అని నెలరోజులు మా నోళ్లలోంచి ర తీసేయించారు. నర్స్ కాదు నస్, వర్క్ కాదు వక్.

డ్యూటీలో చేరిన వారంలోనే ఒక పెద్దావిడ తన ఊదారంగు స్వెట్టర్ తెమ్మంది. "పర్పుల్" అంది. ఆ ర మా ఊరి ఇంగ్లీషు మాస్టారు పలికినంత స్పష్టంగా వినపడింది! నేనేమో నేర్చుకున్న పద్ధతిలో "పపులేనా అండీ?" అన్నాను. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. మళ్లీ అన్నాను. ఊహూఁ. చివరికి చిన్నప్పటిలాగే "పర్పుల్" అంటే తలూపింది. బొత్తాలు పెడుతుంటే, వాళ్ల ముత్తాతలు స్కాట్లాండ్ నుంచి వచ్చి గొర్రెలు పెంచారని చెప్పింది.

అదీ సంగతి. 1848లో స్కాట్లాండ్ ఫ్రీ చర్చి అనే క్రైస్తవ శాఖ వాళ్లు జాన్ విక్లిఫ్, ఫిలిప్ లైంగ్ అనే రెండు ఓడల్లో ఇక్కడికి పక్కనున్న ఒటాగో ప్రాంతానికి వచ్చి డునెడిన్ ఊరు కట్టారు. స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోకి అక్కడి పాత భాష గేలిక్‌లో ఉన్న పేరే అది. అక్కడి నుంచి స్కాట్లు ఇటు మా ఊరున్న సౌత్‌లాండ్ దాకా పాకారు. వాళ్లతోపాటే ర వచ్చింది, "చిన్న" అనడానికి "వీ" అనే మాటా వచ్చింది. 1788లో సిడ్నీలో దిగిన ఖైదీల్లో లండన్ చుట్టుపక్కల వాళ్లెక్కువ. ర జారిపోతున్న ప్రాంతం అది, అందుకే ఆస్ట్రేలియా వాళ్లు ఇలాంటి మాటల్లో ర పలకరు. అమెరికాకి 1600ల్లోనే జనం వెళ్లారు, అప్పటికి ఇంగ్లండ్‌లో ర గట్టిగానే ఉంది, అందుకే అమెరికాలో చాలామంది ఇప్పటికీ ర పలుకుతారు.

మరి ర పలకడం తప్పని మాకు నేర్పిన వాళ్లు, అది ఎవరి నియమమో ఒక్కసారీ చెప్పలేదు. నాకిప్పటికీ కోపమే. డబ్బు తీసుకుని మనకున్న అక్షరాన్ని పోగొట్టారు.

ఇక్కడి కుర్రకారు కార్, ఫార్మ్ లాంటి మాటల్లో ర చాలావరకు వదిలేశారు. పర్పుల్, వర్క్‌లో మాత్రం వదల్లేదు. పెద్దవాళ్ల యాస అంత తొందరగా మారదు, కలిసి ఆడుకునే పిల్లలే కొత్త యాస కడతారు. మా అబ్బాయి ఇక్కడి బడికే వెళ్తాడు. అన్నానికి పిలిస్తే "వీ మినిట్ అమ్మా" అంటాడు.