పాఠకుల ప్రశ్న: చికెన్ మాన్పించినా తగ్గని దురద

ప్రశ్న: మా ఇంట్లో మూడేళ్ల లాబ్రడార్ ఉంది. ఏడాదిగా పాదాలు నాకుతూనే ఉంటుంది. పొట్ట కింద చర్మం ఎర్రబడింది, చెవుల నుంచి వాసన వస్తోంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయిస్తే కొన్నాళ్లు తగ్గి మళ్లీ మొదలవుతోంది. రక్తపరీక్షలో పడని పదార్థాల పెద్ద జాబితా వచ్చింది. చికెన్ మాన్పించి పెరుగన్నం పెడుతున్నా గుణం లేదు. ఏం పెట్టాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కుక్కల్లో ఆహార అలర్జీకి తరచుగా కారణమయ్యేవి పశుమాంసం (బీఫ్), పాల పదార్థాలు, కోడిమాంసం, గోధుమ. మీరు వీటిలో ఒకదాన్ని మాన్పించి, మరొకదాన్ని పెరుగు రూపంలో రోజూ పెడుతున్నారు. రక్తపరీక్ష జాబితాను పక్కన పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న కుక్కలకూ అలాంటి ఫలితాలు వస్తాయి కనుక ఆహార అలర్జీని తేల్చడానికి అది నమ్మదగినది కాదు.

ఆహారం మార్చే ముందు చెవుల్లోని ఫంగస్‌కూ, చర్మంపై బ్యాక్టీరియాకూ చికిత్స చేయించి, గజ్జి పురుగులు, గోమార్లు, పిడుదులు లేవని డాక్టర్ గారితో నిర్ధారించుకోండి. ఇవి ఉండగా ఏ తిండి పెట్టినా దురద తగ్గదు, తిండి పనిచేయలేదని మీరు పొరబడతారు. స్టెరాయిడ్ పదేపదే వాడితే దాహం, మూత్రం, బరువు పెరగడమే కాక మధుమేహం కూడా రావచ్చు. స్టెరాయిడ్ కాని దురద మందుల గురించి అడగండి. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది కనుక, చర్మవ్యాధుల్లో అనుభవమున్న వైద్యుల కోసం అక్కడ విచారించవచ్చు.

ఆ తరువాత కనీసం 8 వారాలు, ఇదివరకు ఎన్నడూ తినని ఒకే మాంసాన్ని, ఒకే పిండిపదార్థంతో కలిపి పెట్టాలి. ఎప్పుడూ చేప తినకపోతే ముళ్లు తక్కువగా ఉండే కొర్రమీనును ఉడికించి, ముళ్లన్నీ ఏరి, చిలగడదుంపతో పెట్టవచ్చు; ఉప్పు, నూనె, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఏవీ కలపకూడదు. పశుమాంసం పడని కుక్కకు గొర్రె మాంసం కూడా పడకపోవచ్చు కనుక మటన్‌ను నేను సూచించను. వండే వీలు లేకపోతే, ప్రోటీన్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టి తయారుచేసిన ప్రత్యేక ఆహారాన్ని డాక్టర్ రాసిస్తారు; అది ఖరీదైనదే.

ఈ ఆహార పరీక్ష చాలా ఇళ్లలో చెడిపోయేది వంటగది బయటే. పిల్లలు విసిరే బిస్కెట్టు, పెద్దమ్మ ప్రేమగా పెట్టే చపాతీ ముక్క, మాంసం రుచి కలిపిన పిడుదుల మాత్ర, గోళీ దాచిన పాలకోవా, వీధిలో దొరికే కోడి ఎముక, ఇందులో ఏ ఒక్కటైనా అన్ని వారాల శ్రమనూ సందేహంలో పడేస్తుంది. అందుకని ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పండి, కుక్క తిన్న ప్రతిదీ ఒక నోటుబుక్కులో రాయండి.

దురద తగ్గితే పాత తిండిని మళ్లీ పెట్టి చూడాలి; సాధారణంగా రెండు వారాల్లోపే దురద తిరిగి వస్తే అలర్జీ తిండి వల్లనే అని తేలుతుంది. అప్పుడు చికెన్, పాలు, గోధుమ విడివిడిగా ఒక్కొక్కటే ఇచ్చి దోషిని పట్టవచ్చు. అసలు తగ్గకపోతే ధూళి పురుగులు, పుప్పొడి వంటి వాటి వల్ల వచ్చే అలర్జీని అనుమానించాలి; దాని చికిత్స వేరు. ముఖం ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా ఏ పరీక్షకూ ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కారణం తెలిశాక ఇంటి వంటే కొనసాగించదలిస్తే క్యాల్షియం, విటమిన్లు ఎంత కలపాలో డాక్టర్ గారితో రాయించుకోండి. చేప, దుంప మాత్రమే ఏళ్ల తరబడి సరిపోవు.