ఫొటోల చందా ఏడు వేలైంది, కట్టాలా మానాలా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. రైల్వేలో రిటైరయ్యాను. పింఛను నెలకు రూ.32,000. గోదావరి, గుళ్లు, తీర్థాల ఫొటోలు 2009 నుంచి ఫ్లికర్ అనే ఫొటోల వెబ్‌సైట్‌లో పెడుతున్నాను. 2015 పుష్కరాలవి కలిపి తొమ్మిది వేలు దాటాయి. దాని ప్రో ఖాతా (డబ్బు కట్టి వాడేది) ఏడాది చందా ఈసారి దాదాపు రూ.7,000 అవుతోంది. అది మానేసి గూగుల్‌లో ఉచితంగా పెట్టుకోమని మా అమ్మాయి అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఏడు వేలంటే మీ ఏడాది పింఛనులో రెండు శాతం లోపే. ఇష్టంగా చేసుకునే పనికి ఆ మాత్రం పెట్టుకోవచ్చు. అయితే ఈ చందా పెరిగిన తీరు ఒకసారి చూడండి.

ఫ్లికర్ 2004లో కెనడాలోని వాంకూవర్‌లో పుట్టింది. మరుసటి ఏడాదే యాహూ కొనేసింది. అప్పట్లో ప్రో చందా ఏడాదికి 24.95 డాలర్లు. డాలరు 44 రూపాయల దగ్గర ఉండేది కాబట్టి మన లెక్కలో పదకొండు వందలు. 2020కి చందా 60 డాలర్లయింది, డాలరేమో 70 దాటింది. అంటే రూ.4,300 దాకా. అమెరికా వాడికి రెండున్నర రెట్ల లోపే పెరిగింది, మనకు దాదాపు నాలుగు రెట్లయింది. పదిహేనేళ్లలో ఏటా సుమారు తొమ్మిది శాతం! ఇదే వేగంతో సాగితే వచ్చే పదేళ్లలో మీరు కట్టేది మొత్తం కలిపి లక్ష దాటుతుంది. విదేశీ లావాదేవీకి బ్యాంకు వేసే ఛార్జీ, దానిమీద జీఎస్టీ అదనం.

ఉచితం సంగతీ అంతే. ప్రకటనల ఆదాయం మీద ఆశతో 2013లో యాహూ అందరికీ ఒక టెరాబైట్ (సుమారు వెయ్యి జీబీ) చోటు ఊరికే ఇచ్చింది. 2018లో ఫ్లికర్‌ను కొన్న స్మగ్‌మగ్ అనే మరో ఫొటోల సంస్థ అదే ఏడాది నవంబరులో ఆ పద్ధతి ఎత్తేసి, ఉచిత ఖాతాకు వెయ్యి ఫొటోల పరిమితి పెట్టింది. మించిన పాత ఫొటోలను 2019లో తీసేస్తామని చెప్పింది. ఫ్లికర్ నష్టాల్లో ఉందని ఆ ఏడాది చివర్లో స్మగ్‌మగ్ అధిపతి డాన్ మెకాస్కిల్ వాడుకరులకు బాహాటంగానే రాశారు. వీళ్లను నేను తప్పుపట్టను. ఖర్చుకు తగ్గ ధర అడగడం, ఉచితమని పిలిచి తర్వాత మాట మార్చడం కంటే నయం. గూగుల్ ఫొటోస్ కూడా 2015లో అపరిమితంగా ఇచ్చి, 2021 జూన్ 1 నుంచి ఆపేసింది. ఇప్పుడు ఉచితంగా వచ్చేది 15 జీబీ, అందులోనే జీమెయిల్, డ్రైవ్ కూడా ఇమడాలి. ఫొటోకు ఆరు ఎంబీ వేసుకున్నా మీవి 54 జీబీ. ఉచితంలో పట్టవు. వంద జీబీ ప్లాన్ ఏడాదికి రూ.1,300, అదీ రూపాయల్లోనే.

కాబట్టి మీరు ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: దాచుకోవడానికి కడుతున్నారా, నలుగురికీ చూపించడానికి కడుతున్నారా? దాచుకోవడానికే అయితే ఏడు వేలు చాలా ఎక్కువ. ఏడాదికి రూ.1,300తో అయిపోయే పని. చూపించడానికైతే తొమ్మిది వేల ఫొటోలు అక్కర్లేదు.

నా సలహా ఇది. ఈ ఒక్క ఏడాదికి చందా కట్టండి. గడువు ఉండగానే ఖాతా సెట్టింగ్స్‌లో మీ డేటా కావాలని అడగండి, జిప్ ఫైళ్లుగా ఇస్తారు. రెండు హార్డ్‌డిస్కులు కొని ఒకటి ఇంట్లో, రెండోది మీ అమ్మాయి దగ్గర ఉంచండి. ఒక్కటే కొంటే అది పాడైన రోజున ఏమీ మిగలదు, ఇక్కడ పొదుపు చూడకండి. ఫొటోలన్నీ సరిగ్గా తెరుచుకుంటున్నాయని చూసుకునే దాకా ఫ్లికర్‌లో ఒక్కటీ తీసేయొద్దు. ఆ తర్వాత ఏడాది పొడవునా తీరిగ్గా ఏరుకుంటూ మంచివి వెయ్యికి లోపు మిగల్చండి, అవి ఉచిత ఖాతాలోనే పడతాయి. పుష్కరాల ఫొటోలకు అందులో పెద్దపీట వేయండి, అవి మళ్లీ తీయలేనివి. ఉచిత ఖాతాలో అందరికీ కనిపించకుండా దాచుకోగలిగేవి యాభైయే, కుటుంబం ఫొటోలు డిస్కులోనే ఉండనివ్వండి. గుళ్ల శిల్పాల ఫొటోలను ఎవరైనా వాడుకోవచ్చనే లైసెన్సుతో వికీమీడియా కామన్స్‌కు (వికీపీడియా వాడుకునే ఉచిత ఫొటోల భండారం) ఇచ్చే ఆలోచన కూడా చేయండి, దానికి రూపాయి ఖర్చు లేదు.

కట్టిన రోజే ఆటో రెన్యువల్ ఆపేయండి. కార్డు మీద మాండేట్ (ఏటా దానంతటదే కట్ చేసుకోమని మీరిచ్చిన అనుమతి) ఉంటే రూ.15,000 లోపు మొత్తం ఓటీపీ అడగకుండానే కట్ అవుతుంది. ముందు రోజు బ్యాంకు నుంచి వచ్చే సందేశం చూడకపోతే మరో ఏడాదికి కట్టేసినట్టే.