హాఫ్ మ్యాచ్ మార్పిడికి వెళ్లాలా, జీన్ థెరపీ కోసం ఆగాలా?

మీ బాబుకు అయిదేళ్లు, థలసీమియా మేజర్ (తరచూ రక్తం ఎక్కించాల్సిన జబ్బు), అక్కతో హెచ్‌ఎల్‌ఏ (దాత కణాలు సరిపోతాయో లేదో చెప్పే గుర్తులు) కలవలేదు, నాన్న మూలకణాలతో హాఫ్ మ్యాచ్ (సగం కలిసే దాతతో మార్పిడి) చేద్దామంటున్నారు, జీన్ థెరపీ కోసం ఆగితే మంచిదేమో అని అడిగారు. మా పాపకూ ఇదే జబ్బు, దాత మా ఆయనే. లివర్ బాగుండి, మీ డాక్టర్లకు హాఫ్ మ్యాచ్‌లో మంచి అనుభవం ఉంటే ఆగకండి అంటాను.

క్యాస్‌జెవీ అనే జీన్ థెరపీకి (పేషెంట్ సొంత మూలకణాల్లోనే జన్యువును సవరించి తిరిగి ఎక్కించే చికిత్స) అమెరికాలో 2024 జనవరిలో థలసీమియా కోసం అనుమతి వచ్చింది, మొదట పన్నెండేళ్లు నిండినవాళ్లకే. అప్పుడు చెప్పిన ధర 22 లక్షల డాలర్లు! అందులోనూ పాత మజ్జను ఖాళీ చేసే బుసల్ఫాన్ అనే కీమో మందు తప్పదు. ఈలోపు ఎక్కించే రక్తంతో ఒంట్లో ఇనుము పేరుకుంటూనే ఉంటుంది. లివర్ పెరిగి గట్టిపడ్డ పిల్లలకు, ఇనుము తీసే మందు సరిగా వాడనివాళ్లకు మార్పిడిలో ముప్పు ఎక్కువని ఇటలీలో డాక్టర్ లుకరెల్లి బృందం ఎప్పుడో తేల్చింది. అందుకే ఇనుము తీసే ఆ మందు డాక్టర్ చెప్పకుండా మానొద్దు.

సగమే కలిస్తే దాత టీ కణాలు (రోగనిరోధక కణాలు) పిల్లల ఒంటి మీద దాడి చేస్తాయని ఒకప్పుడు చాలా భయపడేవారు. దారి చూపింది బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ వాళ్లు. మూలకణాలు ఎక్కించాక మూడు, నాలుగు రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు ఇస్తారు. దాడికి దిగి వేగంగా పెరుగుతున్న టీ కణాలు చచ్చిపోతాయి, మూలకణాలు తట్టుకుంటాయి. మా పాపకు చేసిందీ ఇదే.

ఎక్కించడం మామూలు రక్తం ఎక్కించినట్టే ఉంటుంది, పాప కార్టూన్ చూస్తూ నిద్రపోయింది. అసలు కష్టం కీమో తర్వాత. నోరంతా పుళ్లు, ఉమ్ము కూడా మింగలేక పక్కన గిన్నె పెట్టుకునేది. మార్ఫిన్ ఇచ్చాకే కాస్త కునుకు పట్టేది. రక్తకణాల కౌంట్స్ పెరిగేదాకా జ్వరం వచ్చిన ప్రతిసారీ టెన్షనే. ఇంటికొచ్చాక ఒంట్లో నిద్రాణంగా ఉండే సీఎంవీ అనే వైరస్ లేచింది, మందులతో తగ్గింది. టీకాలన్నీ మళ్లీ మొదటి నుంచి వేయించాం. ఇప్పుడు రక్తం ఎక్కించే పని లేదు, బడికి వెళ్తోంది.

డాక్టర్‌ని ఇవి తప్పకుండా అడగండి. నాన్న కణాలకు వ్యతిరేకంగా బాబు రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయా? కణాలు నిలబడకపోతే తర్వాతి ప్లాన్ ఏమిటి? బుసల్ఫాన్ బదులు ట్రియోసల్ఫాన్ అనే కీమో మందు కుదురుతుందా? కీమో వల్ల పెద్దయ్యాక సంతానానికి ఇబ్బంది రావచ్చు, ఆ మాట కూడా ఇప్పుడే మాట్లాడండి. బ్లడ్ గ్రూప్ వేరైనా ఫర్వాలేదు, మార్పిడికి అది అడ్డు కాదు. మార్పిడి అయ్యేదాకా మాత్రం ఇంట్లోవాళ్ల, చుట్టాల రక్తం బాబుకు ఎక్కించనివ్వకండి, నాన్న కణాలకు వ్యతిరేకమైన యాంటీబాడీలు అలా కూడా పుడతాయి.