టెక్ సందేహాలు: నల్ పాడైంది, కాటా పేరు మారింది

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో నాలుగు వేరువేరు మనుషుల నుంచి, వేరువేరు పనుల మీద వచ్చాయి. కానీ నాలుగూ ఒక్క ఫోల్డర్ దగ్గరికే చేరాయి: లినక్స్‌లో, ఆ మాటకొస్తే యూనిక్స్ కుటుంబమంతటా కనిపించే, డివైస్‌లను ఫైళ్ల రూపంలో చూపే /డెవ్. అందుకే ఈసారి చోటంతా వాటికే ఇస్తున్నాను. కమాండ్లను పలికే తీరులో తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.

*మా ఆఫీసు ఉబుంటు సర్వర్‌లో నిన్నటి నుంచి ఎవరు లాగిన్ అయినా '/డెవ్/నల్: పర్మిషన్ డినైడ్' అని వస్తోంది. రూట్‌గా (సర్వాధికారాలున్న యూజర్‌గా) వెళ్తే మాత్రం ఏ ఇబ్బందీ లేదు. మెమరీ కూడా మెల్లగా తగ్గిపోతోంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఓఎస్ మళ్లీ వేయాలా? – సిరిపురం నుంచి ఒక పాఠకురాలు*

అక్కర్లేదండీ. /డెవ్/నల్ అంటే అందులో రాసినదంతా మాయమైపోయే చెత్తబుట్ట లాంటి డివైస్ ఫైల్. ముందు 'ఎల్ఎస్ -ఎల్ /డెవ్/నల్' కొట్టి, వచ్చిన లైన్‌లో మొట్టమొదటి అక్షరం చూడండి. అక్కడ 'సి' ఉండాలి. ఫైల్ సైజు రావాల్సిన చోట '1, 3' అని రెండు అంకెలు ఉండాలి. మీకు బహుశా 'సి' బదులు చిన్న గీత, రెండు అంకెల బదులు ఏదో పెద్ద సైజు కనిపిస్తాయి. అంటే నల్ అనే పేరుతో అక్కడున్నది మామూలు ఫైల్. అసలు నల్‌ను ఎవరో చెరిపేశారు.

డివైస్ ఫైల్‌లో సరుకేమీ ఉండదు. అది గుమ్మం లాంటిది. విశాఖలో డోర్ నంబర్ 47తో మొదలైందంటే ద్వారకానగర్ వైపని మనకు ఇట్టే తెలిసిపోతుంది, తర్వాతి అంకెలు వీధినీ ఇంటినీ చెబుతాయి. ఇక్కడా అంతే. మొదటి అంకె మేజర్ నంబర్, ఏ డ్రైవర్ దగ్గరికి వెళ్లాలో చెబుతుంది. రెండోది మైనర్, ఆ డ్రైవర్ చూసుకునే వాటిలో ఏదో చెబుతుంది. లినక్స్‌లో మేజర్ 1 మెమరీ డ్రైవర్‌ది. అందులో 3 నల్, 5 జీరో, 8 రాండమ్, 9 యూరాండమ్. ఓఎస్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌కు కావలసింది ఈ అంకెలూ, అక్షరాల వరసగా నడిచే క్యారెక్టర్ డివైసా, ముక్కలుగా చదివే బ్లాక్ డివైసా అన్న సంగతీ మాత్రమే. పేరు మన సౌకర్యం కోసం.

రూట్‌గా ఉన్నవారెవరో ఒక ఫైల్‌ను వదిలించుకుందామని, ఫైళ్లను తరలించే 'ఎంవీ'తో /డెవ్/నల్‌కు పంపి ఉంటారు. అలా చేస్తే ఫైల్ మాయం కాదు, నల్ స్థానంలోకి వచ్చి కూర్చుంటుంది. ఇక ప్రతి స్క్రిప్టూ పారేయాలనుకున్న చెత్తంతా దాంట్లోకి పోస్తుంది. /డెవ్ ఉండేది ర్యామ్‌లో కాబట్టి మెమరీ తరుగుతుంది. ఆ ఫైల్‌లో రాసే అనుమతి రూట్‌కే ఉంది కాబట్టి మిగతావారికి ఎర్రర్ వస్తుంది.

బాగుచేయడం ఒక్క నిమిషం పని. కానీ క్రమం ముఖ్యం. చాలామంది పాత ఫైల్‌ను చెరిపి కొత్తది చేస్తారు. ఆ రెంటి మధ్య సందులో ఇంకో స్క్రిప్టు నల్‌లోకి రాయబోతే మళ్లీ మామూలు ఫైల్ పుట్టేస్తుంది. నేనైతే డివైస్ ఫైళ్లు చేసే ఎంకేనాడ్‌తో ముందు పక్కన కొత్తది చేసుకుంటాను: 'ఎంకేనాడ్ -ఎం 666 /డెవ్/నల్‌కొత్త సి 1 3'. ఇక్కడ 'నల్‌కొత్త' మీకు నచ్చిన ఏ పేరైనా కావచ్చు. తర్వాత 'ఎంవీ -ఎఫ్ /డెవ్/నల్‌కొత్త /డెవ్/నల్'. ఒకే ఫోల్డర్‌లో జరిగే పేరు మార్పిడి కాబట్టి మధ్యలో సందు ఉండదు. పాత ఫైల్‌ను తెరిచి ఉంచుకున్న సర్వీసులు ఇంకా దాంట్లోకే రాస్తుంటాయి. తెరిచి ఉన్న ఫైళ్లను చూపే 'ఎల్ఎస్ఓఎఫ్'లో నల్ పక్కన 'డిలీటెడ్' అని కనిపించిన వాటిని రీస్టార్ట్ చేస్తేనే ఆ మెమరీ తిరిగొస్తుంది. సర్వర్ మొత్తాన్ని రీబూట్ చేసినా సరిపోతుంది, బూట్ సమయంలో కెర్నెల్ /డెవ్‌ను కొత్తగా నింపుకుంటుంది.

ఈ 1, 3 అంకెలు లినక్స్‌వి. మ్యాక్‌లో నల్ 3, 2. ఒకదాని అంకెలు ఇంకోదానిలో వాడకండి.

*ఫిషింగ్ హార్బర్ దగ్గర మా చేపల షెడ్‌లో ఎలక్ట్రానిక్ కాటాను యూఎస్‌బీ కేబుల్‌తో లినక్స్ కంప్యూటర్‌కు కలిపాం. పొద్దున్న బాగానే ఉంటుంది. బోట్లు వచ్చి రద్దీ మొదలయ్యేసరికి బిల్లులో తూకం రావడం ఆగిపోతుంది. /డెవ్‌లో కాటా పేరు టీటీవైయూఎస్‌బీ0 కాస్తా టీటీవైయూఎస్‌బీ1 అవుతోంది. సాఫ్ట్‌వేర్ చేసిచ్చినవాళ్లు కాటాదే తప్పంటున్నారు. – హార్బర్ నుంచి ఒక పాఠకుడు*

కాటా తప్పు కాదు. మీరు పంపిన ఫొటోలో యూఎస్‌బీ మొనను దగ్గరగా చూశాను. నాలుగు పిన్నుల్లో రెండింటి మీద పచ్చటి చిలుం పట్టింది. ఉప్పుగాలికి, చేపల నీటికి, తడిచేతులకు ఇది మామూలే. ఎవరి మోచెయ్యో తగిలి కేబుల్ కొంచెం కదిలితే అరక్షణం కనెక్షన్ తెగి, మళ్లీ కలుస్తుంది. ఆ అరక్షణంలోనే జరగాల్సిందంతా జరిగిపోతుంది. మీ బిల్లింగ్ ప్రోగ్రామ్ 0 అన్న పాత గుమ్మాన్ని ఇంకా తెరిచే ఉంచుకుంది. అది వదలనంతవరకు ఆ నంబర్ ఖాళీ కాదు. దాంతో తిరిగొచ్చిన కాటాకు కెర్నెల్ 1 ఇస్తుంది. యూఎస్‌బీ సీరియల్ డ్రైవర్ మేజర్ నంబర్ 188, అంటే 188, 0 పోయి 188, 1 వచ్చింది. ప్రోగ్రామ్ మాత్రం పాత గుమ్మం ముందే నిలబడి ఉంది.

ముందు కేబుల్ మార్చండి, దాన్ని గోడకు క్లిప్పుతో బిగించండి. ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్. /డెవ్/సీరియల్/బై-ఐడీ ఫోల్డర్‌లో చూస్తే మీ కేబుల్ చిప్ పేరుతో పొడుగాటి లింకు ఒకటి ఉంటుంది. నంబర్ మారినా ఆ లింకు సరైనదాని వైపే తిరుగుతుంది. ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌లో దాన్ని పెడితే చాలు.

సొంత పేరే కావాలంటే యూడెవ్ రూల్ రాయండి. 2003లో వచ్చిన ఈ యూడెవ్ పనే అది: డివైస్ వచ్చినప్పుడల్లా దాని గుర్తులు చూసి పేరు, అనుమతులు పెట్టడం. /ఈటీసీ/యూడెవ్/రూల్స్.డీ ఫోల్డర్‌లో 99తో మొదలయ్యే ఒక ఫైల్ చేయండి, చివర '.రూల్స్' ఉండాలి. అందులో ఒకే లైన్: సబ్‌సిస్టమ్ 'టీటీవై' అయితే, వెండర్ ఐడీ ఇది, ప్రొడక్ట్ ఐడీ ఇది అయితే, సిమ్‌లింక్‌కు (మారుపేరు లింకుకు) 'కాటా' చేర్చు. సరిపోల్చే చోట రెండు సమాన గుర్తులు, చేర్చే చోట ప్లస్‌తో ఒక సమానం. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. ఆ ఐడీలు 'యూడెవ్ఏడీఎం ఇన్ఫో -ఏ -ఎన్ /డెవ్/టీటీవైయూఎస్‌బీ0' అంటే కనిపిస్తాయి. రాశాక 'యూడెవ్ఏడీఎం కంట్రోల్ --రీలోడ్' చేసి కేబుల్ తీసి పెట్టండి.

చవక కేబుళ్లలో ఉండే సీహెచ్340 చిప్‌లకు సాధారణంగా సీరియల్ నంబర్ ఉండదు. రేపు రెండో కాటా కొని అలాంటి కేబులే పెడితే ఈ రూల్‌కు రెండూ ఒకటే. అప్పుడు ఏ పోర్టుకు గుచ్చారన్నదాన్ని బట్టి నడిచే బై-పాత్ లింకు వాడండి, పోర్టుల మీద మార్కర్‌తో రాసిపెట్టుకోండి.

మీ సాఫ్ట్‌వేర్‌వాళ్లు రోజూ 'సీహెచ్‌మాడ్ 666' కొట్టమన్నారని కూడా రాశారు. అది వద్దు. కేబుల్ ఊడి తగిలినప్పుడల్లా నోడ్, అంటే డివైస్ ఫైల్, కొత్తగా పుడుతుంది, మీరిచ్చిన అనుమతి దాంతోనే పోతుంది. మీ యూజర్‌ను, సీరియల్ పోర్టులు వాడే అనుమతి ఉన్న డయల్‌అవుట్ గ్రూప్‌లో చేర్చి ఒకసారి లాగౌట్ అయి రండి. ప్రోగ్రామ్ మాత్రం కనెక్షన్ తెగినప్పుడు పోర్టును మూసి మళ్లీ తెరిచేలా ఉండాలి. ఆ మార్పు వాళ్లే చేసివ్వాలి, గట్టిగా అడగండి.

*డేటాను యథాతథంగా కాపీ చేసే డీడీ కమాండ్‌తో 3 జీబీ ఐఎస్ఓను (డిస్క్ ఇమేజ్ ఫైల్‌ను) /డెవ్/ఎస్‌డీబీకి రాశాను. మూడు సెకన్లలో అయిపోయింది! పెన్‌డ్రైవ్ మాత్రం ఖాళీ. – గాజువాక*

ఆ సమయానికి పెన్‌డ్రైవ్‌ను సిస్టమ్ గుర్తించలేదు. ఎస్‌డీబీ అనే నోడే లేదు. మీరు రూట్‌గా ఉన్నారు కాబట్టి డీడీ ఆ పేరుతో మామూలు ఫైల్ సృష్టించి, ఐఎస్ఓ మొత్తాన్ని ర్యామ్‌లో పోసింది. వేగమంతా అందుకే. ఇప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టినా ఆ పేరు ఖాళీగా లేదు. 'ఎల్ఎస్ -ఎల్'లో మొదటి అక్షరం చిన్న గీతే అని నిర్ధారించుకున్నాక ఆ ఫైల్‌ను చెరిపి, పెన్‌డ్రైవ్ తీసి పెట్టండి. అసలైన ఎస్‌డీబీకి మొదట 'బి', తర్వాత 8, 16 ఉంటాయి. డిస్కుల జాబితా చూపే 'ఎల్ఎస్‌బీఎల్‌కే'లో సైజు చూసుకున్నాకే ఎంటర్ నొక్కండి. 8, 0 మీ సొంత హార్డ్‌డిస్క్ కావచ్చు.

*ఇంజనీరింగ్ రెండో ఏడాది. నా లాగిన్‌లో ఎంకేనాడ్ కొడితే 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' వస్తోంది. నా హోమ్ ఫోల్డర్‌లోనే కదా చేస్తున్నది? – మధురవాడ*

ఫోల్డర్ నీదే, కానీ గుమ్మం ఎక్కడికి తెరుచుకుంటుందో చూడు. 8, 0 అంకెలతో నీ హోమ్‌లో బ్లాక్ నోడ్ చేసి, చదివే అనుమతి నీకు నువ్వే ఇచ్చుకుంటే డిస్క్ మొత్తం, అంటే అందరి ఫైళ్లూ, నీ చేతిలోకి వస్తాయి. అందుకే అది రూట్‌కే పరిమితం. వేరే మెషీన్‌లో రూట్‌గా అలాంటి నోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చినా పనిచేయకూడదని, బయటి డ్రైవ్‌లను వాటిలోని డివైస్ ఫైళ్లను పట్టించుకోని 'నోడెవ్' ఆప్షన్‌తో మౌంట్ చేస్తారు. ల్యాబ్ పనికి రెండు ప్రోగ్రామ్‌ల మధ్య పైప్ మాత్రమే కావాలంటే 'ఎంకేఫైఫో' వాడు. దానికి రూట్ అక్కర్లేదు.