డాల్ఫిన్ రక్తానికి పశువుల కిట్ పనికొస్తుందా?

ప్రశ్న: పశువుల్లో ఈసుడు రోగానికి (బ్రూసెల్లోసిస్) రోజ్ బెంగాల్ పరీక్ష చేస్తుంటాం (సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే తేట ద్రవాన్ని, రంగు పట్టించిన చంపిన బ్రూసెల్లా బాక్టీరియాతో, అంటే యాంటిజెన్‌తో, కలిపి గుంపులు కడుతుందేమో చూసేది). ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్ సీరానికి అదే యాంటిజెన్ వాడవచ్చా? పాజిటివ్ వస్తే రోగం ఉన్నట్టేనా?
– పశువైద్య విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: వాడవచ్చు. సముద్ర క్షీరదాల్లో ఈ రోగ బాక్టీరియా బ్రూసెల్లా ఉందని 1994లో స్కాట్లండ్, కాలిఫోర్నియాల నుంచి వెల్లడైంది. డాల్ఫిన్ జాతుల్లో కనిపించేదానికి బ్రూసెల్లా సెటి అని, సీళ్లలో కనిపించేదానికి బ్రూసెల్లా పిన్నిపీడియాలిస్ అని 2007లో పేర్లు పెట్టారు. పశువుల్లోని బ్రూసెల్లా అబార్టస్‌కు ఉన్నట్టే వీటి పైపొరలోనూ ఓ-పాలీసాకరైడ్ అనే చక్కెర గొలుసు ఉంటుంది. మీ యాంటిజెన్ పట్టుకునేది దానిమీద పుట్టిన యాంటీబాడీలనే.

పద్ధతి మీకు తెలిసిందే. సీరాన్నీ యాంటిజెన్‌నూ ముందు గది వేడికి రానిచ్చి, చెరి 30 మైక్రోలీటర్లు పలకమీద కలిపి, 4 నిమిషాలు మెల్లగా ఊపి వెంటనే చూడాలి. ఆలస్యమైతే అంచులు ఎండి, లేని గుంపులు ఉన్నట్టు కనిపిస్తాయి. అసలు చిక్కు నమూనాతోనే. బతికున్న డాల్ఫిన్‌కు తోకరెక్క అడుగువైపు రక్తనాళం నుంచి రక్తం తీస్తారు. చనిపోయినదానికి గుండెలోంచి తీయాల్సిందే. కళేబరం ఎంత పాతదైతే ఎర్రకణాలు అంతగా పగిలి ఉంటాయి. ఆ ఎర్రటి సీరంలో గులాబీరంగు గుంపులను గుర్తుపట్టడం కష్టం.

ఎలైసా (యాంటీబాడీలను రంగు మార్పుతో పట్టే పరీక్ష) చేయాలనుకుంటే జాగ్రత్త. పశువుల ఇన్‌డైరెక్ట్ ఎలైసాలో రంగు తెప్పించే రెండో యాంటీబాడీ ఆవు యాంటీబాడీని గుర్తించేది. డాల్ఫిన్ యాంటీబాడీకి అది సరిగా అతుక్కోకపోతే, సీరంలో యాంటీబాడీలు దండిగా ఉన్నా నెగెటివ్ చూపిస్తుంది. అందుకే కాంపిటీటివ్ ఎలైసా మేలు. అందులో సీరంలోని యాంటీబాడీ, ఎంజైము తగిలించిన మోనోక్లోనల్ (ల్యాబులో తయారైన ఒకే రకం) యాంటీబాడీ ఒకే చోటుకోసం పోటీపడతాయి. జంతువు ఏదైనా ఒకటే. రంగు తగ్గితే పాజిటివ్. కొత్తవాళ్లు తరచూ తిరగేసి చదివేది ఇక్కడే.

ఇక రెండో ప్రశ్న. పాజిటివ్ అంటే ఆ జంతువు బ్రూసెల్లాను ఎప్పుడో ఎదుర్కొందనే అర్థం, అదీ ఖాయం కాదు. యెర్సీనియా ఎంటెరోకోలిటికా ఓ:9 అనే మరో బాక్టీరియా పైపొర కూడా ఇలాంటిదే కాబట్టి దాని యాంటీబాడీలూ స్పందిస్తాయి. బతికున్న జంతువైతే రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు సీరాలు తీసి, ఒకే రోజు పక్కపక్కన టైటర్ (ఎంత పలుచన చేసినా సీరం స్పందిస్తుందో చెప్పే అంకె) కట్టండి. నాలుగింతలు పెరిగితే ఇన్‌ఫెక్షన్ ఇటీవలిదని అనుమానించవచ్చు. చనిపోయినదైతే మెదడు, వెన్నుద్రవం, ప్లీహం, లింఫ్ గ్రంథులు, గర్భం ఉంటే మావి – వీటి కల్చర్ (బాక్టీరియాను పెంచి చూడటం), పీసీఆర్ (దాని డీఎన్‌ఏను వెతకడం)లే తేల్చాలి. కోస్టారికా తీరంలో చారల డాల్ఫిన్లలో ఈ బాక్టీరియా మెదడుకు పాకిన సందర్భాలు బాగా నమోదయ్యాయి కాబట్టి మెదడును వదిలిపెట్టవద్దు.

ఈ బాక్టీరియా మనుషులకూ సోకుతుంది. గ్లవ్స్, ఎన్95 మాస్కు, కళ్లద్దాలు లేకుండా కోయవద్దు. కల్చర్‌ను బయోసేఫ్టీ వసతి ఉన్న ల్యాబుకే పంపండి. డాల్ఫిన్లు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సిరంజి పట్టకముందే అటవీశాఖ అనుమతి తీసుకోండి.