నా ఇంటి కింద నేను తవ్వుకుంటే తమ్ముడికేం పని?

ప్రశ్న (పొడవైన ఉత్తరాన్ని ఇక్కడ కుదించాం): తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో మా తాత కట్టిన రాతి మిద్దె ఉంది. 1994లో నాన్న, చిన్నాన్న భాగాలు పంచుకున్నప్పుడు ఇంటిని నడిమి గోడ దగ్గర రెండుగా చేసుకున్నారు. తూర్పు వైపు నాది, పడమటి వైపు చిన్నాన్న కొడుకుది. నా పడసాల కింద తాత శెనక్కాయల మూటలు పెట్టుకున్న నేలమాళిగ ఉంది. నిలబడితే తల తగులుతుంది. కొడుకూ కోడలూ బెంగళూరు వదిలి వచ్చేస్తున్నారని, దాన్ని లోతు చేసి గదిగా మార్చాలనుకున్నాను. 2022 వేసవిలో రెండడుగులు తవ్వించాను, ఎవరూ ఏమీ అనలేదు. ఈ మధ్య మళ్లీ పని మొదలుపెడితే తన గోడ పగిలిందనీ, పని ఆపి 8 లక్షలు ఇవ్వాలనీ తమ్ముడు లాయరు నోటీసు పంపాడు. వాడిని ఎత్తుకుని పెంచినవాణ్ణి. నా కూతురి పెళ్లికి కూడా రాలేదు. నా స్థలంలో తవ్వుకునే హక్కు నాకు లేదా? వాడు 2011లో పైన మేడ వేశాడు, ఇరవై ఏళ్లు నిండలేదు కాబట్టి వాడికి ఏ హక్కూ రాదని ఒక మిత్రుడు చెప్పాడు. నేను తవ్వి మూడేళ్లు దాటింది కదా, కేసు చెల్లుతుందా? మే నెలలో కోర్టు సెలవులప్పుడు పని పూర్తి చేసేద్దామని మేస్త్రీ అంటున్నాడు.
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీ ఉత్తరంలో సగానికి పైగా మీ తమ్ముడి గుణగణాలే ఉన్నాయి. వాటి జోలికి నేను పోను. పెళ్లికి రాకపోవడం మీద ఏ కోర్టూ తీర్పు ఇవ్వదు. కేసును తేల్చే సంగతిని మాత్రం మీరు చివరి పేజీలో ఒక్క ముక్కలో దాటేశారు: "భాగపరిష్కార దస్తావేజు బీరువాలో ఉంది." బీరువాలో ఉంటే తీసి చదవద్దా? మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చే ముందు చేయాల్సిన పని అది. 1994 నాటి కాగితంలో నడిమి గోడ గురించి ఏం రాశారో తెలియకుండానే దాని పునాది పక్కన గడ్డపార దించారు.

ఆ కాగితం ఎందుకంత ముఖ్యమో చెబుతాను. మీ మిత్రుడు చెప్పింది పూర్తిగా తప్పు కాదు, కానీ అది పరాయి ఇరుగుపొరుగుకు వర్తించే మాట. పక్కవారి ఆస్తి మీద ఉండే అనుభవ హక్కులను చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం ఖాళీ నేలకు పక్క నేల ఆసరా, అంటే కుంగకుండా నిలబెట్టే దన్ను, సహజంగానే ఉంటుంది. ఆ నేల మీద ఇల్లు కట్టి బరువు పెంచితే, ఆ బరువుకు కూడా పక్కవాడి మట్టి ఆసరా ఇవ్వాలని అడిగే హక్కు ఊరికే రాదు. సెక్షన్ 15 కింద ఇరవై ఏళ్లు ఏ ఆటంకమూ లేకుండా ఆ ఆసరాను హక్కుగా అనుభవించి ఉండాలి. మీ మిత్రుడు అక్కడితో ఆగిపోయారు.

మీది ఒకే ఇల్లు, రెండు భాగాలైంది. అలాంటప్పుడు చూడాల్సింది సెక్షన్ 13. ఉమ్మడి ఆస్తిని పంచుకున్నప్పుడు, పంపకం నాటికి కంటికి కనిపిస్తూ నిరంతరంగా సాగుతున్న సౌకర్యం ఒకరి వాటాను అనుభవించడానికి అవసరమైతే, దస్తావేజులో వేరే ఉద్దేశం లేనంత వరకు అది వాళ్లకు హక్కుగా దక్కుతుంది. దీనికి ఇరవై ఏళ్లు ఆగక్కర్లేదు. ఆనుకుని ఉన్న రెండు కట్టడాలను ఒక యజమాని విడదీసి అమ్మితే, ఒకదాని పక్క ఆసరా రెండోదానికి హక్కుగా ఉంటుందని ఆ సెక్షన్ కింద ఉదాహరణగానే రాసి ఉంది. అంటే మీ నేల, మీ గోడ తన ఇంటికి ఇచ్చే ఆసరా మీద మీ తమ్ముడికి 1994 నుంచే హక్కు ఉన్నట్టు. మీ వాటా మీదే, కానీ ఆ బాధ్యతతో కలిపి మీది.

"వేరే ఉద్దేశం లేనంత వరకు" అన్న మాట వల్లే దస్తావేజు కావాలి. అందులో "నడిమి గోడ ఉభయులకు ఉమ్మడి" అని ఉంటే మీ పరిస్థితి ఇంకా బిగుసుకుంటుంది, ఎందుకంటే ఆ గోడ పునాది కింద మీ ఇష్టప్రకారం తవ్వే అధికారం మీకు ఒక్కరికే లేదు. గోడ మొత్తం మీ వాటాకు వచ్చిందనో, నేలమాళిగను మార్చుకునే స్వేచ్ఛ మీకు ఇచ్చారనో ఉంటే, కొంత ఊపిరి పీల్చుకోవచ్చు. దస్తావేజు రిజిస్టరైతే సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది. రిజిస్టరు కాని పంపకం కాగితమైతే దాన్ని సాక్ష్యంగా పెట్టడం వేరే తలనొప్పి. అది ఏ రకమో ముందు మీ లాయరుకు చూపించండి.

మేడ సంగతిలో మాత్రం మీకు కొంత పట్టు ఉంది. సెక్షన్ 13 కాపాడేది పంపకం నాటికి అనుభవిస్తున్న స్థితిని. 1994 నాటి మిద్దెకు మీరు ఆసరా ఇవ్వాలి. 2011లో పైన వేసిన అంతస్తు బరువంతా మీ మట్టే మోయాలని ఆ సెక్షన్ చెప్పదు. హక్కుదారు తన అనుభవ పద్ధతిని మార్చుకోవచ్చు కానీ ఎదుటివాడి మీద అదనపు భారం మోపకూడదని సెక్షన్ 23 చెబుతుంది. గోడ కుంగడానికి మేడ బరువే కారణమని ఇంజనీరు తేలిస్తే నష్టపరిహారం బాగా తగ్గుతుంది. ఆ మేడ ఎప్పుడు వేశారో రుజువు కావాలంటే కార్పొరేషన్ ప్లాను, ఆస్తి పన్ను పెరిగిన ఏడాది, పై అంతస్తు కరెంటు సర్వీసు తేదీ తెప్పించండి. "2011లో వేశాడు, ఊరంతా చూసింది" అంటే చాలదు.

ఇక మూడేళ్ల లెక్క. మీరు గడువును తవ్విన రోజు నుంచి లెక్కపెడుతున్నారు. చట్టం అలా లెక్కపెట్టదు. ఆసరా తీసేసినంత మాత్రాన నష్టపరిహారం హక్కు పుట్టదు, చెప్పుకోదగ్గ నష్టం జరిగినప్పుడే పుడుతుందని ఈజ్‌మెంట్స్ చట్టం సెక్షన్ 34 చెబుతుంది. దావాల గడువులు చెప్పే 1963 లిమిటేషన్ చట్టం సెక్షన్ 23 కూడా దానికి తగ్గట్టే ఇలాంటి దావాలకు నష్టం జరిగిన రోజు నుంచే గడువును మొదలుపెడుతుంది. మీరు 2022లో తవ్వారు, గోడ ఇప్పుడు పగిలిందని మీ తమ్ముడు అంటున్నారు. కాబట్టి ఆయనకు మూడేళ్లు ఇప్పుడే మొదలయ్యాయి. అప్పట్లో ఆయన నోరు మెదపకపోవడం ఇంజంక్షన్ (పని ఆపమనే కోర్టు ఉత్తర్వు) దగ్గర మీకు కొద్దిగా అక్కరకు రావచ్చు. తెలిసీ ఊరుకున్నవాడికి ఇంజంక్షన్ నిరాకరించే వీలు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 41లో ఉంది. డబ్బు దావాకు మాత్రం ఆ మౌనం అడ్డం రాదు.

మీరు అస్సలు పట్టించుకోని మంచి సాక్ష్యం మీ ఉత్తరంలోనే ఉంది. 2021 నవంబరు వరదల్లో రెండిళ్లలోకీ నీళ్లు వచ్చాయనీ, మీ తమ్ముడి భార్య తడిసిన గోడల ఫొటోలు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టిందనీ ఎక్కడో మూలన రాశారు. ఆ ఫొటోల్లో పగులు అప్పటికే కనిపిస్తోందా? కనిపిస్తే, 2022 తవ్వకానికి ముందే గోడ చెడిందనడానికి ఎదుటి పక్షం చేతులతో తీసిన సాక్ష్యం అది. ఇవాళే చూడండి. గ్రూపులోంచి ఎవరూ డిలీట్ చేయకముందే చాట్ ఎక్స్‌పోర్ట్ చేయండి, ఫోను మార్చకండి, ఫార్మాట్ చేయకండి, ఫొటోల మీద బాణాలు, గుండ్రాలు గీయకండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. ఫొటో కాగితం మీద ప్రింటు తీసి ఇస్తే సరిపోతుందనుకుంటే అభ్యంతరం చెప్పే మొదటివాడు ఎదుటి లాయరే.

పగుళ్లు కూడా సాక్ష్యమే, వాటిని చదవడం తెలియాలి. పాత పగులు లోపల దుమ్ము, సున్నం పొరలు, ఒక్కోసారి సాలెగూడు ఉంటాయి. కొత్త పగులు అంచులు శుభ్రంగా, పదునుగా ఉంటాయి. గచ్చు మీద వల అల్లినట్టున్న సన్నటి గీతలు సాధారణంగా పూత ఎండినప్పుడు వచ్చేవి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పైకి పోయే పగులైతే పునాది కుంగిందేమో అని అనుమానించాలి. ఇంజనీర్లు పగులుకు అడ్డంగా సన్నటి గాజు పట్టీ అంటించి దాని మీద తేదీ వేస్తారు. కొన్ని వారాలకు ఆ గాజు విరిగిందంటే గోడ ఇంకా కదులుతోందన్న మాట. తమ్ముడి వైపు పగుళ్ల మీద అలాంటి పట్టీలు ఇద్దరి సమక్షంలో వేయించండి. మీ వైపు పగుళ్లకు సిమెంటు పూసి రంగు వేయించే ఆలోచన ఉంటే మానుకోండి. చూసి రిపోర్టు ఇవ్వమని కోర్టు పంపే కమిషనర్ వచ్చేసరికి కొత్త రంగు కనిపిస్తే, దాచారనే అనుకుంటారు.

ఇప్పుడు మీ మేస్త్రీ సలహాకు వస్తాను. వినకండి. సివిల్ కోర్టులకు వేసవి సెలవులున్నా అత్యవసర పిటిషన్లు వినడానికి వెకేషన్ కోర్టు ఉంటుంది. మీ తమ్ముడి లాయరుకు ఆ సంగతి తెలుసు. పైగా నోటీసు అందాక హడావుడిగా పని ముగిస్తే, "అయిపోయింది కదా" అన్న వాదన నిలబడదు. వివాదానికి ముందున్న స్థితిని తిరిగి తెప్పించేలా మధ్యంతర ఆదేశం కూడా అరుదైన సందర్భాల్లో ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు 1990లో డోరబ్ వార్డెన్ కేసులో చెప్పింది. అదీ కుటుంబం ఇంటి గొడవే. ఇంజంక్షన్ వచ్చాక తవ్వితే ఆస్తి జప్తు, మూడు నెలల దాకా సివిల్ జైలు. రాత్రిపూట దీపాలు పెట్టి తవ్విస్తుంటే గోడ కూలీల మీద కూలిందనుకోండి, అప్పుడిది సివిల్ దావాగా మిగలదు. నిర్లక్ష్యంతో మరణం కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద అయిదేళ్ల దాకా శిక్ష పడవచ్చు.

"ఏం జరిగినా నాదే బాధ్యత" అని మేస్త్రీ వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసిచ్చాడని సంబరపడుతున్నారు. 1876లో ఇంగ్లండులో బోవర్ వర్సెస్ పీట్ కేసు అచ్చం ఇలాంటిదే. పక్కింటికి ఆసరా ఇచ్చే బాధ్యత కాంట్రాక్టరుదని ఒప్పందం ఉన్నా, తవ్వించిన యజమానే నష్టం కట్టాలని తీర్పు వచ్చింది. ఆ స్టాంపు కాగితంతో మీరు తర్వాత మేస్త్రీ వెంట పడొచ్చు. తమ్ముడికి జవాబుదారు మాత్రం మీరే.

కార్పొరేషన్ నుంచి మీరు తీసుకున్నది మరమ్మతుల అనుమతి. సెల్లారు (నేలమాళిగ) తవ్వకానికి అది చాలదు. రాష్ట్ర భవన నియమాల్లో సెల్లారు పార్కింగుకు ఉద్దేశించింది, మనుషులు కాపురం ఉండటానికి కాదు. హద్దు నుంచి స్థలం కూడా వదలాలి, గోడలు కలిసిన మీ ఇంట్లో అది ఎక్కడ దొరుకుతుంది? బీపీఎస్ (అనుమతి లేని కట్టడాలను జరిమానా కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం) వస్తే కట్టేద్దామనే ధీమా కూడా వద్దు. అందులో కటాఫ్ తేదీ ఉంటుంది. కటాఫ్‌లోపు మీది పడినా, అది మీకూ కార్పొరేషన్‌కూ మధ్య లెక్క తేలుస్తుందే తప్ప తమ్ముడి ఆసరా హక్కును తుడిచేయదు. ఇంకొకటి కూడా చెబుతాను, మీరు అడగకపోయినా. అదే 2021 వరదల్లో శ్రీకృష్ణ నగర్‌లో భూమిలో దించిన సంపు సిమెంటు రింగులతో సహా పైకి లేచి నిలబడింది. కింద నీటి ఒత్తిడి ఎంత పని చేస్తుందో తిరుపతిలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కొడుకూ కోడలూ ఉండాల్సిన గదిని అక్కడ పెట్టాలా అని ఆలోచించుకోండి.

చేయాల్సిన పనులు ఇవి. ముందు తవ్వకం ఆపండి. లైసెన్సున్న స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించి, తవ్విన చోట గోడకు తాత్కాలికంగా దన్ను పెట్టించండి, అవసరమంటే మట్టి వెనక్కి నింపించండి. అక్టోబరు వానలకు ముందే ఇది అయిపోవాలి. రెండు వైపులా పరిశీలించి రిపోర్టు రాయమనండి. తమ్ముడికి స్పీడ్ పోస్టులో (రిజిస్ట్రేషన్‌తో) తేదీ చెప్పి తన ఇంజనీరుతో రమ్మనండి. రాకపోతే ఆ పోస్టు రసీదే మీకు పనికొస్తుంది. నోటీసుకు గడువులోపు లాయరు ద్వారా జవాబు ఇవ్వండి. జవాబులో తప్పు ఒప్పుకోకండి, తిట్లూ రాయకండి. 2021 ఫొటోలు, 2011 మేడ ప్రస్తావన మాత్రం తప్పకుండా ఉండాలి. ఏకపక్షంగా స్టే రాకుండా సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148-ఏ కింద కేవియట్ (మన మాట వినకుండా ఆదేశం ఇవ్వొద్దని ముందే కోర్టుకు పెట్టుకునే దరఖాస్తు) వేయించండి. అది 90 రోజులు పనిచేస్తుంది. కేవియట్ ఉంది కదా అని తవ్వడం మొదలుపెట్టకండి.

ఆ తర్వాత న్యాయసేవా సంస్థ దగ్గర దావాకు ముందే లోక్ అదాలత్ దరఖాస్తు పెట్టండి. ఫీజు లేదు. అక్కడ రాజీ కుదిరితే అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. రాజీకి దారి ఒకటి ఉంది. తమ్ముడి హక్కు ఆసరా మీదే గానీ ఆ మట్టి మీద కాదు. ఇంజనీరు డిజైను ప్రకారం మట్టిని ఆపే రిటైనింగ్ గోడ కట్టి, పునాది కింద ఒకేసారి కాక విడివిడి గుంతలుగా తవ్వి కాంక్రీటు నింపుకుంటూ పోతే ఆసరా నిలుస్తుంది. ఆ ఖర్చు, పగుళ్ల మరమ్మతు ఖర్చులో ఎవరి వాటా ఎంతో అవార్డులోనే రాయించుకోండి. ఈ పని అయ్యాక కూడా ఆ చోటు మూటలు పెట్టుకోవడానికే ఉపయోగపడుతుంది, కాపురానికి కాదు. గది కావాలంటే మీ వైపు పైకి వెళ్లే వీలుందేమో అదే ఇంజనీరును అడగండి. ఆ రాతి గోడలు ఎంత బరువు మోస్తాయో తేలకుండా ప్లానుకు దరఖాస్తు చేయకండి.

లాయరును కలిసే రోజు దస్తావేజు కాపీ, నోటీసు, పోస్టు కవరు, 2022లో మేస్త్రీకి ఇచ్చిన డబ్బుల రసీదులు, మీ ఫోను తీసుకెళ్లండి.